తోక, తోలు, చెవిపోగు

డాలస్‌లో ఉంటున్న మా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు మొన్న వాట్సాప్‌లో ఓ గుర్రం ఫొటో పంపాడు. వాళ్ళ టీమ్ అంతా కలిసి వీకెండ్‌కి గుర్రాలెక్కడానికి వెళ్ళారట. ఆ గుర్రం మెడ మీద, సరిగ్గా జూలు కింద, తెల్లటి గీతలు వరసగా ఉన్నాయి. గీతలు, మూలలు, కోణాలు. కింద ఒక మెసేజ్: "రావులపాలెం వాడివి కదా, అరటిగెల చూసి రేటు చెప్పేస్తావు. ఇదేంటో చదివి చెప్పు చూద్దాం."

పరువు సమస్య కాబట్టి కూర్చుని వెతికాను. వెతికితే తెలిసిందేమిటంటే, అది భాషే. దానికి అక్షరాలున్నాయి, వ్యాకరణం ఉంది, కాస్త ఓపిక పడితే ఎవరైనా చదవొచ్చు. వాడికి జవాబు రెండు లైన్లలో ఇచ్చేశాను గానీ, అక్కణ్ణించి మొదలైన ఆలోచన మాత్రం గుర్రాల దగ్గర ఆగలేదు. తిరిగి తిరిగి మా లంకల్లో గేదెల దగ్గరికి వచ్చింది. ఎలా వచ్చిందో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఆ గుర్రం సంగతి. అది ఒకప్పుడు అడవి గుర్రం. అమెరికా పడమటి రాష్ట్రాల ప్రభుత్వ భూముల్లో తిరిగే గుర్రాలని కాపాడ్డానికి 1971లో ఒక చట్టం చేశారు. మంద మరీ పెరిగిపోయినప్పుడు కొన్నిటిని పట్టి, పెంచుకుంటామన్నవాళ్ళకి ఇస్తారు. ఇచ్చేముందు మెడకి ఎడమపక్క వాత వేస్తారు. వాత అంటే నిప్పుతో కాదు, చలితో. లోహపు అచ్చుని ద్రవ నత్రజనిలో ముంచి చర్మానికి అదిమితే, వెంట్రుకకి రంగునిచ్చే కణాలు చచ్చిపోతాయి. తర్వాత అక్కడ మొలిచే వెంట్రుకలు తెల్లగా వస్తాయి. తెల్ల గుర్రమైతే ఇంకాస్త ఎక్కువసేపు అదుముతారు, అప్పుడు అక్కడ అసలు వెంట్రుకే మొలవదు. 1966లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కీత్ ఫారెల్ అనే పశువైద్యుడు కనిపెట్టిన పద్ధతి ఇది.

అందులో మొదటి గుర్తు ప్రభుత్వానిది. తర్వాత ఒకదాని మీద ఒకటి ఉండే రెండు గుర్తులు పుట్టిన సంవత్సరం. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు. మరి మామూలు అంకెలు వేస్తే పోయేదానికి ఈ కోణాలెందుకు అంటారా? 1కి పైన ఒక గీత పెడితే 7 అయిపోతుంది. 3ని కాస్త మూస్తే 8. కోణాల్ని అలా దిద్దడం కష్టం. మన భాషలో చెప్పాలంటే ట్యాంపర్ ప్రూఫ్ అన్నమాట.

ఇక టెక్సాస్ రాంచీల్లో నిప్పుతో వేసే పాతకాలం అచ్చులకి వేరే వ్యాకరణం ఉంది. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి, బయట నుంచి లోపలికి చదవాలి. అక్షరం పక్కకి పడుకుని ఉంటే అది 'బద్ధకం' అక్షరం. కింద ఉయ్యాల బద్దలాగా వంపు ఉంటే 'ఊగే' అక్షరం. రెక్కలుంటే 'ఎగిరే' అక్షరం. అడ్డగీత ఉంటే 'బార్'. ఇంకా తమాషా ఏంటంటే, అదే గుర్తు ఎడమ తుంటి మీద ఉంటే ఒకరిది, కుడి భుజం మీద ఉంటే ఇంకొకరిది కావచ్చు. టెక్సాస్‌లో ఈ అచ్చులు కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి, పదేళ్ళకోసారి మళ్ళీ నమోదు చేయించుకోవాలి (మొన్న 2021లో ఆ గడువు వచ్చింది). పక్క కౌంటీలో అదే అచ్చు వేరేవాళ్ళ పేరు మీద ఉండొచ్చు కూడా. అంటే గుర్తు, ఒంటి మీద చోటు, కౌంటీ, ఈ మూడూ కలిస్తేనే ఓనర్ ఎవరో తేలుతుంది. డేటాబేస్ క్లాసులో నిద్రపోని వాళ్ళకి ఇది ఏ కీ అంటారో గుర్తుండే ఉంటుంది :)

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టింది. గుర్రం ఒంటి మీదున్నది సమాచారం కాదు. సమాచారమంతా ఎక్కడో ఆఫీసులో ఒక పుస్తకంలో ఉంది. ఒంటి మీదున్నది ఆ పుస్తకంలో ఏ పేజీ తియ్యాలో చెప్పే గుర్తు మాత్రమే. పుస్తకం పోయిందనుకోండి, ఆ గుర్తు ఒట్టి కాలిన మచ్చ. మరి ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది? అందులో తేడా వస్తే నష్టం ఎవరిది? అచ్చు చదవడమంటే నిజానికి ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలుసుకోవడమే అనిపించింది.

ఇదేదో కౌబాయ్‌ల గొడవ అనుకోకండి. మన విజయనగర సామ్రాజ్యంలో ఇంతకంటే మంచి కథలున్నాయి.

ఫెర్నావో నూనిజ్ అని ఒక పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, అచ్యుతదేవరాయల కాలంలో, 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. అతను రాసిపెట్టుకున్నదాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. దక్కన్‌లో మేలుజాతి గుర్రాలు పుట్టవు. హోర్ముజ్ నుంచి ఓడల్లో రావాలి. రాయలవారు ఏటా 13 వేల గుర్రాలు కొనేవారని నూనిజ్ లెక్క. మంచివి తన శాలకి ఉంచుకుని మిగతావి సేనానాయకులకి ఇచ్చేవారు.

ఓడలో వచ్చే గుర్రాలు దారిలో బోలెడు చచ్చిపోయేవి. అంతకుముందు సాళువ నరసింహరాయలు (1485-91) దీనికొక ఏర్పాటు చేశాడట. బతికున్నా చచ్చినా, వెయ్యి పరదాలకి మూడు గుర్రాల లెక్కన కొనడం. సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చినంతా ఇచ్చేవాడు. అంటే సముద్రం మీది రిస్కంతా రాజు నెత్తిన వేసుకున్నాడు. ఎందుకంటే ఆయనకి గుర్రాలు కావాలి, వ్యాపారి భయపడి రావడం మానేస్తే నష్టం ఆయనకే. క్లెయిమ్ ప్రాసెస్ మొత్తం ఒక తోకతో అయిపోయింది.

రెండో కథ సైన్యానిది. రాజు ఇచ్చిన గుర్రాల మీద రాజముద్ర వేసేవారు. గుర్రం చచ్చిపోతే, ఆ ముద్ర ఉన్న చోట తోలు ముక్క కోసి తీసుకెళ్ళి అశ్వశాలల అధికారికి చూపించాలి. చూపిస్తే ఇంకో గుర్రం ఇస్తారు. ఇదీ న్యాయమే. గుర్రం రాజుది. దాన్ని పక్క రాజ్యానికి అమ్మేసి చచ్చిపోయిందని చెప్తే ఎలా? అందుకని రుజువు చూపించే బాధ్యత గుర్రం వాడుకునేవాడి మీద పెట్టారు.

ఉత్తరాదిలోనూ ఇదే గొడవ. తనిఖీ రోజున పక్కవాడి గుర్రాన్ని అరువు తెచ్చి చూపించడం, ఒకే గుర్రాన్ని రెండుసార్లు లెక్కపెట్టించడం, తట్టు గుర్రాన్ని పెట్టి మేలు గుర్రానికి జీతం తీసుకోవడం. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టడం మనవాళ్ళే కనిపెట్టారనుకుంటున్నారేమో, కాదు. దీన్ని ఆపడానికే అల్లావుద్దీన్ ఖిల్జీ గుర్రాలకి వాతలు వేయించాడు. షేర్‌షా మళ్ళీ మొదలుపెట్టాడు, 1570లలో అక్బర్ గట్టిగా అమలుచేశాడు. దాన్ని 'దాగ్' అనేవారు. బట్ట మీద మరక పడితే మనం 'డాగు' అంటాం చూడండి, ఆ మాటే. అక్బర్ దాగ్ ఒక్కదానితో ఊరుకోలేదు. దాంతోపాటు 'చెహ్రా' అని ఇంకొకటి పెట్టాడు. గుర్రం రంగు, ఒంటి మీది సహజమైన గుర్తులు, రౌతు రూపురేఖలు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచడం. ఒక గుర్తు చెరిగిపోయినా, ఎవడైనా దిద్దినా, రెండోది పట్టిస్తుంది. మన టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్‌కి ముత్తాత.

నిజానికి దీనికి ఇంకా పాత తాత ఉన్నాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పశువుల అధికారి చెయ్యాల్సిన పనులు చెప్తూ, ప్రతి పశువుకీ వేసిన ముద్ర, పుట్టుకతో ఉన్న మచ్చలు, రంగు, కొమ్ముల మధ్య ఎడం పుస్తకంలోకి ఎక్కించమన్నాడు. నాలుగు కాలమ్‌లు. అందులో మనిషి వేసేది ఒకటే, మిగతా మూడూ పశువుతో పుట్టి పెరిగేవి. పశువు చచ్చిపోతే కాపరి ముద్ర ఉన్న తోలు తెచ్చి అప్పజెప్పాలని కూడా అందులో ఉంది. అంటే నూనిజ్ చూసింది అప్పటికే చాలా పాత పద్ధతి.

ఈ నాలుగు కాలమ్‌ల పద్ధతి మనకి కొత్తేమీ కాదు. మీ పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి. పుట్టుమచ్చలు రెండు రాసి ఉంటాయి. మాస్టారు చొక్కా చేతులు పైకి లాగించి మరీ వెతికిన మచ్చలు అవి. రేసు గుర్రాలకి కూడా అంతే. అమెరికాలో 1947 నుంచి రేసు గుర్రాలకి పై పెదవి లోపల పచ్చబొట్టు పొడిచేవారు. 2017 నుంచి పుట్టినవాటికి మైక్రోచిప్ తప్పనిసరి చేశారు. అయినా సరే, నుదుటి మీద చుక్క ఎక్కడుంది, ఏ కాలికి తెలుపుంది, సుడులు ఎక్కడెక్కడున్నాయి అన్నీ రాసుకోవడం మానలేదు. మన రైతులు ఎద్దుని కొనేముందు సుడులు చూస్తారు కదా. వాళ్ళు శుభాశుభాల కోసం చూస్తే వీళ్ళు ఆనవాలు కోసం చూస్తారు. గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో ఒక గ్రంథమే రాశాడు, అంటే ఒకప్పుడు మనకి ఈ చూపు ఎంత ముఖ్యమో చూడండి.

మనదైన అచ్చు ఇంకొకటుంది. తిట్టుగా అందరికీ తెలుసు, తిట్టు వెనక సంగతి చాలామందికి తెలీదు. "అచ్చోసిన ఆంబోతు". పెద్దవాళ్ళు పోయినప్పుడు వాళ్ళ పేరు మీద ఒక కోడెకి తుంటి మీద శూలం, చక్రం గుర్తులు వేసి వదిలేసేవారు. అచ్చు పడిందంటే దాన్ని ఎవరూ కాడికి కట్టకూడదు, ఎవరూ కొట్టకూడదు, చేలో పడి మేసినా సర్దుకుపోవాలి. ఊళ్ళో ఆవులకి అదే విత్తనపు కోడె. లోకంలో అచ్చులన్నీ "ఇది ఫలానా వాడిది" అని చెప్తే, ఈ అచ్చు ఒక్కటీ "ఇది ఎవరిదీ కాదు, అందుకే అందరూ చూసుకోవాలి" అని చెప్పేది. దీనికి పుస్తకం లేదు, ఊరి జ్ఞాపకమే పుస్తకం. ఆ జ్ఞాపకం పోయాక మిగిలింది తిట్టు.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం.

మన దేశంలో ఇప్పుడు పశువుకి నిప్పు వాతలు లేవు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో వాతలకి మినహాయింపు ఉండేది. 2023లో వచ్చిన నియమాలు ప్రాణమున్న చర్మం మీద వేడి అచ్చునీ, చల్ల అచ్చునీ రెండిట్నీ వద్దన్నాయి. మంచి పనే. దాని బదులు ఇప్పుడున్నది చెవిపోగు. పసుప్పచ్చ ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద 12 అంకెల నంబరు, బార్‌కోడ్. పశువుల ఆధార్ అంటున్నారు. 2019లో గాలికుంటు టీకాల కార్యక్రమం దేశమంతా మొదలైనప్పటి నుంచి ఊరూరా కనిపిస్తోంది. టీకా వేసినా, సూది కట్టించినా ఆ నంబరు మీదే ఎక్కుతుంది. 2024లో భారత్ పశుధన్ అని మొత్తం డేటాబేస్‌ని జాతికి అంకితం చేశారు కూడా.

ఒక ఇంజనీరుగా ఇది నాకు చాలా నచ్చిన పని. ప్రతి పశువుకీ ఒక ఐడీ, దాని వెనక చరిత్ర. ఏ ఊళ్ళో ఏ జబ్బు మొదలైందో తెలుసుకోవాలంటే ఇంతకంటే దారి లేదు. దీన్ని వెక్కిరించేవాళ్ళతో నేను లేను.

నా గొడవ ఒక్కటే. పశువుల బీమా పాలసీల్లో ఒక షరతు ఉంటుంది. ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు. గేదె చచ్చిపోతే దాని చెవిపోగు అప్పజెప్పాలి. విజయనగరం తోలు ముక్కే, కాకపోతే ప్లాస్టిక్‌ది.

మా బాబాయికి జరిగింది చెప్తాను. లంకలో మేపుకొచ్చే గేదె. కంచెలో తల పెట్టి లాక్కుంటే చెవి చిరిగి పోగు ఎక్కడో పడిపోయింది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి చెవికి మందు రాయించాడు. కొత్త పోగు కోసం అడిగితే స్టాకు రాగానే వేస్తామన్నారు. ఈలోపు గేదె జబ్బు చేసి చచ్చిపోయింది. బీమా కంపెనీ వాళ్ళు (పేరెందుకు లెండి) మర్యాదగానే మాట్లాడారు. "ట్యాగ్ ఉందాండీ?" "లేదండి, ఊడిపోయిందండి." "అయితే కుదరదండి." అంతే. ఫోన్లో ఆ గేదె ఫొటోలు బోలెడున్నాయి. నుదుటి మీద బొల్లి మచ్చ, వంకర తిరిగిన కుడికొమ్ము, ఊళ్ళో ఎవర్నడిగినా అది ఎవరి గేదెో చెప్తారు. అదే నంబరు మీద ఆ ఇంటి దగ్గరే టీకాలు వేసిన రికార్డుంది. ఇవేవీ పనికిరాలేదు. ప్రీమియం మాత్రం పనికొచ్చింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బీమా వాళ్ళ భయం ఉత్తిది కాదు. ఎవరిదో చచ్చిన గేదెని చూపించి తనదనేవాళ్ళు ఉంటారు. ఒకే కళేబరం మీద రెండు క్లెయిమ్‌లు పెట్టేవాళ్ళూ ఉంటారు. అక్బర్ భయపడ్డది కూడా ఇందుకే. కానీ తేడా చూడండి. సాళువ నరసింహుడి గుర్రం వ్యాపారిది, రిస్కు రాజు తీసుకున్నాడు, రుజువు తోకతో సరిపెట్టుకున్నాడు. సైన్యంలో గుర్రం రాజుది, కాబట్టి రుజువు నాయకుడు తేవాలి. మా బాబాయి విషయంలో గేదె ఆయనదే, ప్రీమియంలో ఆయన వాటా ఆయనే కట్టాడు, రిస్కు తీసుకుంటామని సంతకం పెట్టింది కంపెనీ. మరి పోగు ఊడిపోయిన నష్టం మొత్తం ఆయన ఒక్కడి మీదే ఎందుకు పడాలి? తీసుకునేటప్పుడు నరసింహుడిలా నవ్వుతూ తీసుకుని, ఇచ్చేటప్పుడు అశ్వశాల అధికారిలా తోలు ముక్క అడగడం ఏం న్యాయం?

ప్లాస్టిక్ పోగు ఊడిపోతుందన్నది కొత్త విషయం కాదు. గేదెలు చెట్లకి రుద్దుకుంటాయి, కంచెల్లో దూరతాయి, ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి. పైగా మాది గోదారి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు లంకల్లో మనుషులు పడవలెక్కడమే గగనం. అలాంటప్పుడు తాళ్ళు కోసి పశువుల్ని వదిలేస్తారు, అవే ఈదుకుని గట్టెక్కుతాయని. కొట్టుకుపోయిన గేదె చెవి ఎవరు వెతికి తెస్తారండీ?

ఒక కాలమ్‌లో నల్ వచ్చిందని మొత్తం రో డిలీట్ చేసే కోడ్ ఎవరైనా రాస్తే రివ్యూలో మనం ఊరుకుంటామా? ఇక్కడ జరుగుతున్నది అచ్చం అదే. కౌటిల్యుడు నాలుగు కాలమ్‌లు పెట్టమంటే మనం మూడు తీసేసి ఒకటి ఉంచాం. ఆ ఒక్కటీ కూడా ఊడిపోయేదాన్నే ఏరికోరి ఉంచాం.

చెయ్యాల్సింది పెద్ద రాకెట్ సైన్సేం కాదు. పాలసీ ఇచ్చే రోజున మొహం, రెండు పక్కలు, కొమ్ములు కనిపించేలా ఫొటోలు తీసి నంబరుతో పాటు ఎక్కించాలి. మచ్చలు, సుడులు, ఈతల లెక్క రాయాలి. పశువు మూతి మీది గీతలు మన వేలిముద్రల్లాగా దేనికవే వేరు, అది శాస్త్రజ్ఞులు వందేళ్ళ కిందటే గమనించిన సంగతి. ఇప్పుడు ఫోన్ కెమెరాతోనే ఆ ముద్ర పట్టొచ్చు. పోగు ఊడిపోతే రైతు ఒక ఫోన్ చేసి చెప్పగలిగే ఏర్పాటు కావాలి. పశువుల అంబులెన్సుకి 1962 నంబరు ఎలాగూ ఉంది, దానికే ఒక ఆప్షన్ కలపొచ్చు. ఫోన్ చేసిన తేదీ, టైము రికార్డవ్వాలి. ఆ తర్వాత కొత్త పోగు వెయ్యడానికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళూ రిస్కు ఆలస్యం చేసినవాడిదే కావాలి గానీ రైతుది కాకూడదు. చివరి మాట టెక్నాలజీ కాదు, కానీ అన్నిటికంటే ముఖ్యమైంది అదే.

ఎందుకంటే పోగు బదులు చిప్ పెట్టినా, చిప్ బదులు మూతి ముద్ర పెట్టినా, షరతు మాత్రం అలాగే ఉంచితే ఏమవుతుందో మనకి తెలుసు. "సర్వర్ డౌన్ అండి", "మూతి సరిగ్గా మ్యాచ్ అవ్వట్లేదండి". పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మనం బయటి దేశాల అచ్చుని మాత్రం తెచ్చుకుని, అచ్చు వెనకుండాల్సిన పూచీని తెచ్చుకోకపోతే మిగిలేది వాత ఒక్కటే.

మనలో చాలామంది ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో ఉన్నాం. క్లెయిమ్స్ మాడ్యూల్ మీద టికెట్లు మూసేవాళ్ళం, ఫారం డిజైన్ చేసేవాళ్ళం, వ్యాలిడేషన్ రూల్స్ రాసేవాళ్ళం. బిజినెస్ వాళ్ళు చెప్పారు కదా అని ఒక ఫీల్డ్ పక్కన ఎర్ర చుక్క పెట్టి 'తప్పనిసరి' చేసేస్తాం. ఈసారి పెట్టేముందు మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ఫీల్డ్ ఖాళీగా ఉంటే, దానికి కారణం అవతలివాడి తప్పు కాకపోతే, వాడు ఎక్కడికెళ్ళాలి?" జవాబు లేకపోతే, దానికి దారి రాసేదాకా ఆ టికెట్ మూయకండి.